ఏ ప్యాంటుకైనా ఒప్పే జోడు

మన మధ్యతరగతి మగవాడికి చాలాకాలం రెండు జతలతో పని జరిగిపోయింది. ఆఫీసుకీ పెళ్ళికీ నల్ల బూట్లు, మిగతా అన్నిటికీ చెప్పులు. ఆ నల్ల బూటు కూడా బడిలో వేసుకున్నదే, సైజు మాత్రం పెరిగింది. ఈలోగా ఆ రెంటికీ నడుమ మరో రకం బట్టలు వచ్చి కూర్చున్నాయి. టై అక్కర్లేదు. కోటు ఉంటే ఉండొచ్చు. జీన్సు వేసుకోవచ్చు గానీ మోకాలి దగ్గర చిరిగింది కాకూడదు. చొక్కాకు కాలర్ ఉంటే మంచిది. మాదాపూర్ కంపెనీల్లోనైనా, డల్లాస్ తెలుగువాళ్ళ విందు పిలుపుల్లోనైనా దీన్ని స్మార్ట్ క్యాజువల్ అంటున్నారు. ఇందులో చొక్కా, ప్యాంటు ఎంచుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. తడబాటంతా కాళ్ళ దగ్గరే. నల్ల బూటు వేస్తే పైన జీన్సు వెక్కిరిస్తుంది, పరుగుబూట్లు వేస్తే పైన కోటు వెక్కిరిస్తుంది.

ఎక్కువ బట్టలకు ఒప్పే జత ఎలా ఉండాలన్న ప్రశ్నను ఫ్యాషన్ పత్రికలకే వదిలేయనక్కర్లేదు. కాంతి వస్తువు మీద పడి ఎలా చెదురుతుంది, తోలులోని ప్రోటీను నీటితో ఎలా మెలుగుతుంది, పాదం మధ్యాహ్నానికి ఎంత ఉబ్బుతుంది - జవాబు ఈ మూడింటిలోనే చాలావరకు ఉంది.

ముందు రంగు సంగతి. పారిస్‌లోని గోబెలిన్ నేత కర్మాగారంలో మిషెల్ యూజీన్ షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త అద్దకాల విభాగానికి అధిపతిగా ఉండేవాడు. నల్లరంగులో పస లేదని, నేసిన తెరల మీద అది వెలిసినట్టు కనిపిస్తోందని ఆయనకు ఫిర్యాదులు వచ్చాయి. దారాన్ని పరీక్షిస్తే అద్దకంలో లోపమేమీ లేదు. లోపం పక్కనున్న రంగుల్లో ఉంది. నీలం, ఊదా పోగుల పక్కన పడ్డ నలుపు అలా నీరసంగా కనిపిస్తోంది. ఏ రంగైనా కంటికి ఒంటరిగా కనిపించదు, పక్క రంగును బట్టి మారుతుంది అన్న ఈ సూత్రాన్ని ఆయన 1839లో పెద్ద గ్రంథంగా అచ్చువేశాడు.

ఈ సూత్రం తెలిస్తే బ్రౌన్ బూటు గుట్టు సగం తెలిసినట్టే. ఇంద్రధనుస్సులో బ్రౌన్ లేదు. నారింజరంగు కాంతి తగ్గిపోయి, చుట్టూ దానికంటే వెలుగున్న రంగులు ఉన్నప్పుడు మన మెదడు దాన్ని బ్రౌన్‌గా చదువుకుంటుంది. చీకటి గదిలో ఆ కాంతినొక్కదాన్నే చూపిస్తే నారింజే కనిపిస్తుంది. చిత్రకారుల రంగుల చక్రంలో నారింజకు ఎదురుగా ఉండేది నీలం. ఎదురెదురు రంగులు పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి ఎత్తిచూపుతాయని షెవ్రోల్ చెప్పాడు. ఈ కాలపు మగవాళ్ళ అల్మారాలో సింహభాగం నీలానిది: నీలిమందు రంగు జీన్సు, నేవీ ప్యాంటు, నేవీ కోటు. బ్రౌన్ వాటి కింద అందంగా కనిపించడంలో వింతేమీ లేదు.

రంగు కంటే కూడా వెలుగు తేడా ముఖ్యమని నా అభిప్రాయం. కంటి రెటీనాలోని కణాలు పక్క కణాలను అణచిపెడుతూ, వెలుగు నీడల మధ్య గీతను ఉన్నదానికంటే గట్టిగా చూపిస్తాయి. లేత ఖాకీ ప్యాంటు కింద నల్ల బూటు వేస్తే ఆ గీత చీలమండ దగ్గర కోసినట్టు కనిపిస్తుంది. చూసేవాళ్ళ చూపు ముఖం వదిలి అక్కడికి దిగుతుంది. ముదురు బ్రౌన్ నలుపంత చీకటి కాదు, ఖాకీ అంత వెలుగూ కాదు. నేవీకీ, బూడిద రంగుకీ, ఆలివ్‌కీ, ఖాకీకీ అది మరీ దూరం పోదు. అందుకే ఒకే జతతో గడుపుకోవాలనుకునేవాడికి నలుపు కంటే ముదురు బ్రౌన్ ఎక్కువ పని చేస్తుంది. నల్లప్యాంటు ఒక్కదాని దగ్గర మాత్రం ఈ సలహా చెల్లదు. దానికి నల్లబూటే వేయండి, వాదన వద్దు.

రంగు తర్వాత మెరుపు. నునుపైన తలం మీద పడ్డ కాంతి అద్దంలోలా ఒకే దిక్కుకు తిరిగివస్తుంది. గరుకు తలం మీద పడ్డది అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. పాలిష్ చేయడమంటే తోలు మీది సన్నని గుంటలను మైనంతో పూడ్చి, చెదిరే కాంతిని ఒక దారిన పెట్టడమే. సిపాయి బూట్ల ముక్కు మీద కనిపించే మెరుపు కుంచె మహిమ కాదు, పలచగా పొరమీద పొర వేసిన మైనానిది. స్వేడ్ దీనికి పూర్తిగా ఎదురు. తోలు లోపలి వైపును గీకి నూగు లేపి తయారుచేస్తారు, ఆ నూగులో కాంతి చిక్కుకుని చెదురుతుంది, మెత్తగా, ఇంటి వస్తువులా కనిపిస్తుంది. మనం ఫార్మల్ అనీ క్యాజువల్ అనీ విడగొట్టుకునే గీత చాలావరకు ఈ మెరుపు మీదనే నడుస్తోంది. మిగిలింది అడుగుభాగం మందం, మీది కుట్లూ చిల్లులూ. అద్దంలా మెరిసే పలచని బూటు కోటుకు తోడు. నూగుతోలు, మందమైన రబ్బరు అడుగు జీన్సుకు తోడు. రెంటికీ పనికిరావాలంటే సన్నని జిడ్డుమెరుపు ఉన్న నునుపు తోలు, చూపుకు పలచగా ఉండే రబ్బరు అడుగు కావాలి.

ఈ నడిమి రకాలను ఏ ఊరి దర్జా దుకాణమూ కనిపెట్టలేదన్నది నాకు నచ్చే విషయం. లేసుల్లేని లోఫర్ నార్వేలోని ఔర్లాండ్ పల్లెప్రాంతం నుంచి వచ్చింది. ఆ పోలికతో అమెరికాలో జి.హెచ్. బాస్ కంపెనీ 1936లో తయారుచేసిన జోడే కాలేజీ కుర్రాళ్ళ కాళ్ళకు ఎక్కి ప్రపంచమంతా తిరిగింది. చీలమండ దాకా వచ్చే డెజర్ట్ బూటుది ఇంకా వింత ప్రయాణం. 1941లో బర్మాలో ఉన్న నాథన్ క్లార్క్ అనే సైనికాధికారి తోటివాళ్ళ కాళ్ళకు మెత్తటి స్వేడ్ బూట్లు చూశాడు, అవి కైరో బజారులో కుట్టించుకున్నవి. ఆయనది ఇంగ్లండులో చెప్పుల వ్యాపార కుటుంబం. 1950 నాటికి ఆ నమూనా అంగట్లోకి వచ్చింది.

ఇక తోలు. ఇక్కడ కాస్త నిలబడక తప్పదు, ఎందుకంటే ఈ కథలో మన నేల పాత్ర చిన్నది కాదు.

పచ్చితోలులో ఉన్నది ప్రధానంగా కొల్లాజెన్ అనే ప్రోటీను. మూడు పోగులు పేనిన తాడులా దాని అణువు ఉంటుందని మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో ప్రతిపాదించారు. ఆ తాళ్ళు కట్టలు కట్టలుగా అల్లుకుని ఉండబట్టే తోలు లాగితే సాగుతుంది గానీ చినగదు. ఐతే పచ్చితోలును అలాగే వదిలేస్తే కుళ్ళుతుంది, ఎండబెడితే చెక్కలా బిగుసుకుంటుంది, 60 డిగ్రీలు దాటిన వేడినీళ్ళలో వేస్తే ముడుచుకుపోతుంది. పోగుకూ పోగుకూ మధ్య కొత్త ముడులు వేసి ఈ మూడింటినీ ఆపడమే తోలు పదును చేయడం.

మన పల్లెల్లో ఆ ముడులు వేసింది తంగేడు చెక్క, కరక్కాయ. వాటిలోని టానిన్లు కొల్లాజెన్ పోగులకు అతుక్కుని నీటిని బయటికి నెడతాయి. లందలో నానబెట్టి, తిరగేసి, మళ్ళీ నానబెట్టి వారాల తరబడి చేసే ఆ పనిని మాదిగ కుటుంబాలు తరతరాలుగా చేశాయి. ఇది రసాయనశాస్త్రమని ఎవరూ వాళ్ళకు చెప్పలేదు. గౌరవం దక్కకపోగా అంటరానితనం దక్కింది. ఇప్పుడు తంగేడు పువ్వు తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఆ చెట్టు చెక్కతో పదును పెట్టిన దక్షిణాది తోళ్ళు ఒకప్పుడు ఓడలెక్కి ఐరోపాకు పోయేవన్నది పాఠ్యపుస్తకాల్లో కనిపించాల్సిన సంగతి.

1884లో అగస్టస్ షుల్ట్జ్ అమెరికాలో క్రోమియం లవణాలతో పదును చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. వారాల పని ఒకటి రెండు రోజులకు దిగింది. క్రోమియం వేసే ముడులు ఎంత గట్టివంటే ఆ తోలు మరిగే నీటిని కూడా దాదాపు ఓర్చుకుంటుంది. చెక్కతో పదును చేసినది 70, 80 డిగ్రీలకే ముడుచుకుంటుంది. ఇవాళ ప్రపంచంలో తయారయ్యే తోలులో అత్యధిక భాగం క్రోమియందే. బూటు పైభాగానికి అదే మేలు: పలచగా, మెత్తగా ఉంటుంది, వానకు తడిసినా తేరుకుంటుంది. చెక్కతోలు బిగువుగా ఉంటుంది, వయసుతో రంగు ముదిరి అందం తేలుతుంది. బెల్టుకూ, అడుగుకూ, కిర్రుచెప్పులకూ అది సరైనది. క్రోమియానికి ఇంకో ముఖమూ ఉంది. తమిళనాడులో పాలార్ ఒడ్డున తోళ్ళ కర్మాగారాల మురుగు నేలనూ నీటినీ పాడుచేసిన తీరు 1996లో సుప్రీంకోర్టు తీర్పు దాకా వెళ్ళింది.

చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 1948లో మొదలైంది. దాన్ని ప్రపంచంలో పేరున్న సంస్థగా నిలబెట్టినవాడు తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. రైతు బిడ్డ తోలు శాస్త్రం చదవడమే ఆ రోజుల్లో ఒక తిరుగుబాటు. తర్వాత ఆయన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) డైరెక్టర్ జనరల్ అయ్యారు. 1985లో కనిష్క విమాన విధ్వంసంలో చనిపోయారు. మీ బూటు పెట్టె మీద ఆయన పేరు ఉండదు గానీ, దేశంలో తోలు చెప్పుల పరిశ్రమ ఎదిగిన దారిలో ఆయన చేయి ఉంది.

అసలు తోలే ఎందుకు, రెక్సిన్ చాలదా అని అడగవచ్చు. అరికాల్లో చదరపు సెంటీమీటరుకు 250కి మించి చెమట గ్రంథులు ఉంటాయి, ఒంట్లో అరచేతులూ అరికాళ్ళే ఈ విషయంలో ముందున్నాయి. చెమటకు వాసన లేదు. చర్మం మీది బాక్టీరియా చెమటలోని లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరిచి ఐసోవలెరిక్ ఆమ్లం తయారుచేస్తే బూటు విప్పగానే గదంతా తెలుస్తుంది. తోలు పోగులు నీటి ఆవిరిని పీల్చుకుని మెల్లగా బయటికి వదులుతాయి. ప్లాస్టిక్ పూత ఆ దారి మూసేస్తుంది. విజయవాడ మే నెలలో ఈ తేడా తెలియడానికి ప్రయోగశాల అక్కర్లేదు. కొనేటప్పుడు పైభాగం ఒక్కటే చూడకండి, లోపలి అస్తరు కూడా తోలో కాదో వేలు పెట్టి చూడండి. పైన తోలు, లోపల రెక్సిన్ పెట్టి అమ్మే జతలు చాలా ఉన్నాయి. పీల్చుకున్న చెమట ఆరడానికి ఒక రోజు పడుతుంది కాబట్టి ఎంత మంచి జతైనా రోజు విడిచి రోజు వేసుకుంటేనే మన్నుతుంది.

సైజు గురించి దుకాణాల్లో జరిగేది నిజానికి సగం కొలతే. మనం వాడే అంకెలు బ్రిటిష్ పద్ధతివి, అది బార్లీ గింజల లెక్క. మూడు గింజలు వరసగా పేరిస్తే అంగుళం, ఒక గింజ ఒక సైజు, అంటే సుమారు 8.46 మిల్లీమీటర్లు. ఐరోపా అంకెలు దీనికంటే సన్నని మెట్లు, ఒక్కో సైజుకు సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. రెండూ పొడవే చెబుతాయి. పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు ఉన్నాయి. నడిచేటప్పుడు అది వంగేది వేళ్ళ మొదట్లో, బొటనవేలి కీలు దగ్గర. బూటు కూడా సరిగ్గా అక్కడే వంగాలి. ఒకే పొడవు పాదాలున్న ఇద్దరిలో ఒకరివి పొడుగు వేళ్ళు, ఇంకొకరివి పొట్టి వేళ్ళు కావచ్చు. 1920ల్లో అమెరికాలోని సిరక్యూస్‌లో చార్లెస్ బ్రానక్ చేసిన కొలత పలక మడమ నుంచి వేలి కొసకీ, మడమ నుంచి బొటనవేలి కీలుకీ విడివిడిగా కొలుస్తుంది, వెడల్పునూ కొలుస్తుంది. మన దుకాణాల్లో అది అరుదు. ఉన్నా దాన్ని పొడవుకే వాడతారు.

వెడల్పు మనకు పెద్ద సమస్య. బ్రిటిష్ అచ్చుల మీద కుట్టిన బూటు మన పాదాన్ని పక్కల నుంచి నొక్కుతుంది. చాలామంది దానికి విరుగుడుగా ఒక సైజు ఎక్కువ తీసుకుంటారు. వేళ్ళకు చోటు దొరుకుతుంది గానీ మడమ జారుతుంది, వంగే చోటు తప్పుతుంది, మీద అడ్డంగా ముడత పడి తోలు ముందుగా పగులుతుంది. తోలు పరిశోధన సంస్థ దేశవ్యాప్తంగా లక్షమందికి పైగా పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిపించింది. భారతీయుల పాదాలు పాశ్చాత్యులవాటి కంటే వెడల్పని తేలింది. దాని ఆధారంగా 'భ' అనే భారతీయ సైజుల పద్ధతిని ప్రతిపాదించారు, 2024లో ఆ వార్త పత్రికల్లో వచ్చింది. ఆ సైజులు మీ ఊరి అంగడికి చేరేదాకా మీరే జాగ్రత్తపడాలి. సాయంత్రం వెళ్ళండి, పొద్దంతా నిలబడ్డ పాదంలోకి నీరు దిగి కాస్త ఉబ్బి ఉంటుంది. రెండు పాదాలూ సమానంగా ఉండవు కాబట్టి రెండూ తొడగండి, పెద్దదాని కొలత తీసుకోండి. తర్వాత నిలబడి వేళ్ళ మీద లేవండి, మడమ బయటికి వస్తే ఆ జత వదిలేయండి.

లేసు బూట్లలో ఆక్స్‌ఫర్డ్, డెర్బీ అన్న తేడా కూడా ఈ వెడల్పు దగ్గరే పనికొస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో లేసు చిల్లులున్న రెక్కలు ముందు ముక్క కిందికి పోయి కుట్టబడి ఉంటాయి. లేసు విప్పినా నోరు ఇంతే తెరుచుకుంటుంది. పాదం మీది ఎత్తు ఎక్కువున్నవాళ్ళకు అది ఉరి. డెర్బీలో రెక్కలు ముందు ముక్క మీద కుట్టి ఉంటాయి, కింద అంటుకుని ఉండవు. పుస్తకం అట్టల్లా రెండు వైపులకూ తెరుచుకుంటాయి, పాదం ఉబ్బితే సర్దుకుంటాయి. ప్రష్యా సేనాని బ్లూషర్ తన సైనికుల కోసం ఇలాంటి కోతే కుట్టించాడని అంటారు. తెరుచుకునే ఆ రెక్కల వల్లనే చూపుకు కూడా డెర్బీ ఆక్స్‌ఫర్డ్ కంటే ఒక మెట్టు తక్కువ లాంఛనంగా ఉంటుంది. మన అవసరానికి అదే కావలసింది. చిల్లులు పొడిచిన బ్రోగ్ నమూనాలు దుకాణంలో ఊరిస్తాయి గానీ, మొదటి జతకు మాత్రం సాదా ముక్కే మంచిది. చూపు పట్టే అలంకారం ఏదైనా దాన్ని కొన్ని బట్టలకే కట్టేస్తుంది.

లోఫర్‌కు మన దగ్గర పాశ్చాత్య పుస్తకాలు చెప్పని బలం ఒకటి ఉంది. గృహప్రవేశానికి వెళ్ళినా, గుడికి వెళ్ళినా, స్నేహితుడి ఇంటికి వెళ్ళినా గుమ్మం దగ్గర విప్పాలి. లేసుల బూటుతో గుమ్మంలో వంగి, వెనకాల నలుగురిని నిలబెట్టడం కంటే జారవిడిచి లోపలికి పోవడం నయం. ఐతే లేసు లేని జోడు పాదాన్ని పట్టుకునేది పైముక్క బిగువుతోనే. తోలు కొంత సాగుతుంది కాబట్టి కొనేనాడు లోఫర్ కొద్దిగా బిగువుగానే ఉండాలి.

అడుగు గురించి ఒక హెచ్చరిక. పెళ్ళిళ్ళకని అట్టపెట్టెలో దాచిన జత రెండేళ్ళ తర్వాత తీసి వేసుకుంటే మండపంలోనే అడుగు ముక్కలై రాలిపోవడం విశాఖ, చెన్నై లాంటి ఊళ్ళలో చాలామందికి అనుభవం. మోసం జరిగిందని దుకాణంవాణ్ణి తిడతారు. జరిగింది జలవిశ్లేషణ. తేలికైన మెత్తటి అడుగులు చాలావరకు పాలీయురెథేన్ నురుగుతో పోసినవి. అందులో ఎస్టర్ బంధాలున్న రకాన్ని గాలిలోని తేమ మెల్లగా విరుస్తుంది. వేడి ఎక్కువైతే అవి విరిగే వేగం పెరుగుతుంది. వాడినా వాడకపోయినా గడియారం నడుస్తూనే ఉంటుంది, మూసిన పెట్టెలో చిక్కుకున్న తేమ దానికి తోడు. రబ్బరుకు ఈ బెడద లేదు. కాబట్టి కోస్తా ఊళ్ళవాళ్ళు అడుగు దేనితో చేశారో అడిగి, రబ్బరైతేనే తీసుకోవడం మంచిది. అడుగును పైభాగానికి జిగురుతో అతికించారా, కుట్టారా అన్నది రెండో ప్రశ్న. 19వ శతాబ్దంలో గుడియర్ పేరుతో వచ్చిన కుట్టు పద్ధతిలో అడుగు అరిగితే విప్పి కొత్తది వేయవచ్చు, ఖరీదు మాత్రం బాగా ఎక్కువ. జిగురు జతకు మన వీధి చివర ఆరె పట్టుకుని కూర్చునే చర్మకారుడు చుట్టూ కుట్టు వేసి ఇస్తాడు. కొన్న వారంలోనే వేయించుకుంటే జత ఆయుష్షు పెరుగుతుంది. బేరం ఆడకండి.

తెల్ల తోలు స్నీకర్ గురించి చెప్పకపోతే కుర్రాళ్ళు ఊరుకోరు. లోగోలు లేని, అడుగు పలచగా ఉన్న తెల్లజత జీన్సుకూ చినో ప్యాంటుకూ బాగానే ఒప్పుతుంది. హైదరాబాదు దుమ్ములో అది తెల్లగా ఉండేది తుడిచేవాడి ఓపికను బట్టి. మాసిన తెల్లబూటు మాసిన చెప్పు కంటే అధ్వానంగా కనిపిస్తుంది. అది రెండో జతగా ఉండాలి, మొదటిదిగా కాదు.

మొదటి జతకు నా ఓటు ముదురు బ్రౌన్, సాదా ముక్కు, నునుపు తోలు, తోలు అస్తరు, పలచని రబ్బరు అడుగు ఉన్న డెర్బీకి. రోజుకు నాలుగు గుమ్మాల దగ్గర విప్పే ఉద్యోగమైతే అదే రంగు లోఫర్ తీసుకోండి. బెల్టు కూడా దాదాపు అదే రంగుది ఉంటే చాలు, అచ్చు గుద్దినట్టు కలవాల్సిన పనిలేదు. కొన్నాక ఒక్కరోజు ఇంట్లోనే, గచ్చు మీద సాక్సుతో తిరిగి చూడండి. గంటలో ఎక్కడైనా నొక్కితే, అడుగు మాయకముందే తీసుకెళ్ళి మార్చుకోండి. వాడగా వాడగా సాగుతుందిలే అని అమ్మేవాళ్ళు చెప్పే మాట వెడల్పు విషయంలో కొద్దిగా నిజం, పొడవు విషయంలో పూర్తిగా అబద్ధం.